పెరిగిన కుప్ప

గ్రౌండ్‌లో పరుగెత్తి వచ్చినవాడి గోళ్లలోకి పసుపు ఎట్లా చేరిందో గంగవ్వకు అంతుపట్టలేదు.

శ్రవణ్‌కుమార్ పొద్దున అయిదింటికి లేచి వెళ్లి తొమ్మిదింటికి వస్తున్నాడు. ఎక్కడికిరా అంటే కాలేజీ గ్రౌండ్‌లో ఉరుకుతున్న అన్నాడు. నెల దాటింది. రోజుకు నాలుగు గంటల లెక్కన ఉరికినవాడు ఈపాటికి హైవే పట్టుకొని నాగపూర్ చేరాలి. వీడు మాత్రం రోజూ ఇంటికే వస్తున్నాడు. అదే పదివేలనుకొని ఆమె ఇంకేమీ అడగలేదు.

ఆ సోమవారం అన్నం పెట్టి, ఎదురుగా కూర్చొని కొడుకు చేతులు చూసింది. ఇరవై ఏళ్ల చేతులు. రుద్ది రుద్ది కడిగినట్టున్నాడు, తోలు ఎర్రబడింది. గోళ్ల మొదళ్లలో మాత్రం పెన్సిల్‌తో గీసినట్టు పచ్చటి గీత మిగిలింది. ఆమె చూపు పసిగట్టి వాడు వేళ్లు లోపలికి ముడుచుకొని ముద్ద కలిపాడు.

మార్చి నెలలో ఆర్మూర్‌లో పచ్చగా లేని చెయ్యి దొరకడం కష్టం. తవ్వేవాళ్లు, ఉడకబెట్టేవాళ్లు, ఎండబోసేవాళ్లు, పొడుగు కాడి ఒక దిక్కు, గుండ్రటి గోళ ఒక దిక్కు ఏరేవాళ్లు. బస్సులో కండక్టరు ఇచ్చే చిల్లర కూడా పచ్చగానే ఉంటుంది. కానీ గంగవ్వది బీడీల ఇల్లు. ఆమె వేళ్లకు తంబాకు నలుపు తప్ప వేరే రంగు అంటదు. కొడుక్కయితే పసుపు పని ఇచ్చేవాడే లేడు. ఇవ్వొద్దని తీర్మానం ఉంది.

తీర్మానం చేసింది వాడ కమిటీ. పెర్కిట్ వైపున్న ఆ వాడ ఒకప్పుడు ఊరు. ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయింది గానీ కమిటీ కలవలేదు. చంద్రయ్య పటేల్ బోరు మోటరు కేబుల్ కోసి రాగి అమ్ముకున్న శ్రవణ్‌కుమార్‌కు రెండేళ్ల దాకా ఎవరూ పని చెప్పొద్దని, చెప్పినవాళ్లు అయిదు వేలు కట్టాలని, వాడు జైలు నుంచి వచ్చిన వారానికే రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద దండం బొమ్మ కూడా పెట్టారు, మర్యాదకు.

కోర్టు అంత దూరం పోలేదు. మూడు నెలలు లోపలున్నది చాలని, రెండేళ్లు బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకొని ఇంటికి పంపింది. బుద్ధి ఎంతవరకు వచ్చిందో చూడడానికి ప్రొబేషన్ ఆఫీసరు లిదియా మేడంను పెట్టింది.

మేడం ఆ మధ్యాహ్నమే నిజామాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చింది. నెలకోసారి వస్తుంది. కుర్చీ వేస్తే కూర్చోదు, గంగవ్వ పక్కన చాప మీదే ఫైలు విప్పుతుంది. శ్రవణ్‌ను పది నుంచి నాలుగు దాకా కరెంటు వైరింగ్ ట్రైనింగ్‌లో వేసింది ఆమే. కేబుల్ కోసినవాన్ని వైరింగ్‌కు పంపుడేంది మేడం అని గంగవ్వ అప్పుడు భయపడుతూనే అడిగింది. కోసుడు వచ్చినవానికి అతికించుడు నేర్పాలె గదా అని మేడం నవ్వకుండా చెప్పింది.

ట్రైనింగ్‌కు రోజూ పోతున్నాడా, పాత దోస్తులు వస్తున్నారా, తాగుడేమన్నా ఉందా అని ఒక్కొక్కటే అడిగి టిక్కులు పెట్టుకుంది. ఇంట్లో ఏమన్నా అనుమానం ఉందా అనే దగ్గర పెన్ను ఆపింది. గంగవ్వ ఒళ్లో చాట. చాటలో తంబాకు, కోసిన తునికాకు. ఒక ఆకు తీసి తంబాకు పరిచి చుట్టింది, మూతి మడిచింది, దారం చుట్టింది. ఇంకొకటి చుట్టింది. రెండు బీడీలయ్యేదాకా మేడం పెన్ను అట్లాగే ఉంది.

“గంగవ్వా, ఏ అనుమానమున్నా ముందు నాకు ఫోన్ చెయ్యి,” అంది లిదియా. “స్టేషన్ దాకా పోయిందంటే నా చేతిల ఉండదు. కొత్త కేసు ఒక్కటి పడితే పాతది కూడ లేస్తది. రెండేండ్లు.”

రెండు వేళ్లు చూపించింది.

ఏం లేదు మేడం, మంచిగనే ఉన్నడు, పొద్దుగాల గ్రౌండ్ల ఉరుకుతున్నడని గంగవ్వ చెప్పింది. ఉరుకుడు మంచిదేనని మేడం అది కూడా రాసుకుంది.

స్కూటీ సందు మలుపు తిరిగిందో లేదో పక్కింటి శైలజ తన చాట పట్టుకొని వచ్చి నీడలో కూర్చుంది. ఇద్దరూ ఒకే టేకేదారుకు బీడీలు చేస్తారు. ఆకు ఈసారి అంతా తొర్రలేనని, టేకేదారు కట్టకు నాలుగు ఏరి పారేస్తున్నాడని చెప్పి, ఆ వరసలోనే, కమిటీ అధ్యక్షుడు లక్ష్మీనర్సయ్య కల్లంలో రెండు సంచుల పసుపు తక్కువ వచ్చిందట అంది. మాట మామూలుగానే అంది. కానీ అన్నప్పుడు గంగవ్వ వైపు చూడలేదు. శైలజ ఎదుటి మనిషి మొహం చూడకుండా మాట్లాడటం గంగవ్వ అదే మొదటిసారి చూసింది.

*

మంగళవారం కొడుకు ట్రైనింగ్‌కు పోయాక, ఆకు కట్టలు దించుదామని నిచ్చెన వేసుకొని అటక ఎక్కింది. కట్టల వెనక చెయ్యి పెడితే గోనె తగిలింది. ఆకు సంచి అనుకొని లాగింది. ఆకు అంత బరువుండదు.

మూతి విప్పి చూసింది. కాడి పసుపు. పది, పదిహేను కిలోలు ఉంటుంది. ఉడికి ఎండింది. ఒకటి తీసి విరిచింది. పుటుక్కుమంది. లోపల నారింజ రంగు.

ఇంట్లో పాము కనబడితే అరవచ్చు. నలుగురు కట్టెలు పట్టుకొని వస్తారు. దీనికి అరవడానికి కూడా లేదు. ఆమె నిచ్చెన మధ్య మెట్టు మీద కూర్చుండిపోయింది. కాళ్లు కింద ఆనడం లేదు. పైన సంచి, కింద ఇల్లు.

మూడు నెలల్లో వాడు లోపల ఏం నేర్చుకొచ్చాడో ఆమెకు పూర్తిగా తెలియదు. తెలిసింది ఒకటే. ఎవరైనా వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే, తిరగడానికంటే ముందు వాడి రెండు చేతులు ముందుకు చాచుకుంటాయి, మణికట్లు దగ్గరగా. అన్నం తినమని పిలిచినా అంతే. తర్వాత సిగ్గుపడి జేబుల్లో పెట్టుకుంటాడు. రెండేళ్లు ఉండి వస్తే ఇంకేం చాచుతాడో.

ఫోన్ తీసి మేడం నెంబరు నొక్కింది. ఒక్కసారి మోగగానే కట్ చేసింది. నిమిషం కాకుండానే మేడం తిరిగి చేసింది.

“చెయ్యి తాకింది మేడం,” అంది గంగవ్వ.

“నిజంగ చెయ్యేనా?”

“చెయ్యే మేడం.”

సరే, ఎప్పుడంటే అప్పుడు చెయ్యమని చెప్పి మేడం పెట్టేసింది.

సాయంత్రం కొడుకు వచ్చాడు. చాయ్ ఇచ్చింది. అడగాలని మూడుసార్లు నోరు తెరిచింది. ఒకసారి ఉప్పు సరిపోయిందా అంది, చాయ్‌లో. అడిగితే అవునంటాడేమోనని భయం. కాదంటే తాను నమ్మలేనేమోనని అంతకంటే భయం. పడుకునేదాకా ఆ రెండు భయాల మధ్యే తిరిగి, తెల్లవారేసరికి ఒక ఉపాయం దగ్గర ఆగింది. పోయిన వస్తువు పోయిన చోటికే చేరితే పోనట్టే కదా.

మేడంతో పని లేదు, స్టేషన్‌తో పని లేదు, కొడుకును అడిగే పని కూడా లేదు. ఇంత సులువైన దారి ఎవరికీ ఎందుకు తోచదో అనుకుంది. తోచకపోవడానికి కారణం ఉంటుందని అప్పుడు అనుకోలేదు.

*

కల్లాల్లో ఒంటిగంట దాటాక అన్నాలకు కూర్చుంటారు. బుధవారం ఆ వేళ చూసుకొని గంగవ్వ బయలుదేరింది. పెద్ద తట్టలో అడుగున సంచి, పైన తునికాకు కట్టలు, వాటి మీద తడిగుడ్డ. కార్ఖానాకు పోతున్న బీడీల మనిషి. దారిలో ఇద్దరు పలకరించారు. ఇద్దరికీ అడగకముందే కార్ఖానాకు పోతున్న అని చెప్పింది. రెండో మనిషి, కార్ఖానా అటు కదా అంది. గంగవ్వ మెడ తిప్పలేక తల మీద తట్టతో సహా మనిషంతా తిరిగి, అవును అటే, అని మళ్లీ ఇటే నడిచింది.

ఎండకు గుట్ట మీది రాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. లక్ష్మీనర్సయ్య కల్లంలో మూడు కుప్పలున్నాయి. పనివాళ్లు ట్రాక్టరు ట్రాలీ నీడలో, అటు తిరిగి తింటున్నారు. ఎవరిదో ఫోన్‌లో పాట వస్తోంది. ఆమె చెప్పులు విడిచి, దగ్గరి కుప్ప వెనక కూర్చొని, తట్ట దించి, సంచి మూతి విప్పి గుమ్మరించింది.

గుమ్మరించాక తెలిసింది.

కుప్ప పాలిష్ పట్టిన కుప్ప. కాడి కాడికీ తోలు పోయి, నున్నగా, పెళ్లికి తయారైనట్టు మెరుస్తోంది. తాను పోసింది పాలిష్ డ్రమ్ము ముఖం చూడని సరుకు. వేర్ల పోగులతో, మట్టి రంగుతో, ఆ మెరుపు మీద పిలవని చుట్టాల్లా కూర్చుంది. ఇరవై అడుగుల దూరం నుంచి గుడ్డివాడు కూడా చెప్పగలడు ఇది వేరే అని. రెండు చేతులూ మోచేతుల దాకా కుప్పలోకి దింపి, కిందిది పైకి, పైది కిందికి కలపడం మొదలుపెట్టింది. పాలిష్ పట్టిన కాడి గలగలమంటూ జారింది. ఎంత కలిపినా మురికివి మళ్లీ పైకే వస్తున్నాయి.

“ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా?”

ట్రాక్టరు డ్రైవర్ భూమేష్. చేతిలో ఎంగిలి చెయ్యి కడుక్కునే చెంబు. కసరలేదు, గట్టిగా కూడా అడగలేదు. అతని కళ్ల ముందు ఉన్నది ఇది. కుప్పలో మోచేతుల దాకా చేతులు పెట్టిన ఆడమనిషి, పక్కన ఖాళీ గోనె సంచి. నిండు సంచి తెచ్చి ఖాళీ చేశానని ఆమె చెప్పినా వినేవాడు ఎవడు? పైగా చెప్తే, నిండు సంచి ఎక్కడిదని అడుగుతాడు.

గంగవ్వ చేతులు బయటికి తీయడం కూడా మరిచిపోయింది. తక్కువ వచ్చిన రెండు సంచులు ఎక్కడ తన మెడకు చుట్టుకుంటాయోనని వారం రోజులుగా నిద్రలేని భూమేష్ ఒక్క క్షణం ఆమెను జాలిగా చూసి, తర్వాత ట్రాలీ వైపు తిరిగి అందరినీ కేకేశాడు.

*

కమిటీ హాలులో పదిమందికి ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. పదకొండో మనిషి నిలబడాలి. గంగవ్వ నిలబడింది. మోచేతుల దాకా పచ్చగా ఉన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది. కొంగు కూడా పచ్చబడింది.

లక్ష్మీనర్సయ్య చెడ్డవాడు కాదు. వాడలో ఎవరి ఇంట్లో చావైనా మొదట వచ్చేది ఆయనే. నీళ్లు తెప్పించి తాగమన్నాడు. ఆమె తాగలేదు. గ్లాసు అందుకోవాలంటే చేతులు కొంగులోంచి బయటికి తీయాలి. ఎవరో వెనక నుంచి, కొడుకు ఒక్కడే అనుకున్నం, ఇల్లంతా ఇదే పనా అన్నారు. ఇంకెవరో నవ్వారు. ముప్పై ఏళ్లుగా ఈ మనుషులే ఎదురైతే, బాగున్నవా గంగవ్వా అంటారు. ఆ నవ్వు విన్నాక ఆమెకు కొడుకు ఆరు నెలలుగా సందుల్లో గోడ వారగా ఎందుకు నడుస్తున్నాడో తెలిసింది. ఆమె కూడా అప్పటికే గోడకు ఆనుకొని ఉంది.

“నువ్వు గిసొంటి మనిషివి కావు. నాకు తెల్వదా?” అన్నాడు లక్ష్మీనర్సయ్య మెత్తగా. “ఎవలు పంపిన్రో చెప్పు. నిన్ను ఇంటికి పంపుత.”

ఆయన ఫోన్ తొడ మీద ఉంది. స్టేషన్ నెంబరు తీసి పెట్టుకున్నాడేమో, తెర వెలుగుతూనే ఉంది. ఆయనకు కావలసింది పేరు. పేరు అందరికీ తెలుసు. ఆమె నోటితో చెప్పాలి, అంతే. శ్రవణ్‌ను తీసుకురమ్మని ట్రైనింగ్ దగ్గరికి మనిషిని పంపామని కూడా చెప్పాడు.

లిదియా మేడం చూపించిన రెండు వేళ్లు గంగవ్వ కళ్ల ముందు నిలబడ్డాయి.

“ఎవ్వలు పంపలే,” అంది. “నేనే వచ్చిన. ఎత్తుకపోదామనే వచ్చిన.”

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. మొదలుపెట్టాక సగంలో ఆపడం ఎందుకనిపించింది కాబోలు, ఇంకో మాట కూడా అనేసింది.

“ముందుగాల పోయిన రెండు సంచులు కూడ నేనే తీసిన.”

సంచి డెబ్బై కిలోలు. గంగవ్వ తడిబట్టలతో కలిపి నలభై అయిదు. పదిమందీ ఆమెను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కార్యదర్శి రాయబోయి పెన్ను మూత మళ్లీ పెట్టాడు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ భూమేష్ గొంతు సవరించుకున్నాడు.

“పటేలా, ఒక్క మాట. పొయింది లేదు. కుప్పల ఎక్కువైంది.”

గుప్పిట విప్పి చూపించాడు. పాలిష్ పట్టని కాడి, వేర్ల పోగులతో. తట్టెడు ఉంటుందని, కింద మీద చేసి ఏరించామని, మన సరుకు కాదని చెప్పాడు. సరుకు పోయిందని ఆ హాలులో చాలా ఫిర్యాదులు విన్నారు. పెరిగిందని రావడం అదే మొదలు. దానికి ఏ శిక్ష వేయాలో ఎవరికీ వెంటనే తోచలేదు. ఎవడో మంత్రం పెట్టించాడేమో అని ఒకాయన కుర్చీ కొంచెం వెనక్కు జరుపుకున్నాడు.

ఆ సమయంలో చంద్రయ్య పటేల్ మోపెడ్ బయట ఆగింది. కమిటీలో ఆయనా సభ్యుడే, పసుపు ఉడకబెట్టే బాయిలర్ కాడ ఆఖరి దఫా దింపి వచ్చేసరికి ఆలస్యమైంది. తువ్వాలతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చి, గంగవ్వను చూశాడు, భూమేష్ గుప్పిట చూశాడు. ఒక కాడి తీసుకొని విరిచాడు. వాసన చూశాడు. ఆ ముక్కలు చేతిలో పెట్టుకొని కాసేపు అట్లాగే ఉన్నాడు. చెప్పకపోయినా ఎవరూ ఆయనను అడిగేవారు కాదు.

“గిది నాది,” అన్నాడు.

నీదైతే గంగవ్వ చేతికెట్లా వచ్చిందని లక్ష్మీనర్సయ్య అడిగాడు.

“గంగవ్వకు కాదు. శ్రవణ్‌గానికి ఇచ్చిన. నెల సంది నా బాయిలర్ కాడ చేస్తున్నడు, పొద్దుగాల అయిదు నుంచి తొమ్మిది దాక. పొయ్యి మీద చేసినోనికి కూలి మీద తట్టెడు కాడి పెడుతం. మీరు పెట్టరా?”

అందరూ పెడతారు. ఆ పొలాల్లో అది తాతల నాటి అలవాటు. గంగవ్వకూ తెలుసు. పెళ్లికాకముందు ఆమె తండ్రి అట్లాంటి తట్ట ఎత్తుకొని ఇంటికి రావడం ఎన్నోసార్లు చూసింది. ఎవరూ పని ఇవ్వొద్దన్న ఆ ఒక్క తీర్మానంతో, కొడుకు ఇంటికి కూలి తేగలడన్న సంగతే ఆమె మనసులోంచి కొట్టుకుపోయింది. ఇంట్లో దొరికింది ఏదైనా సరే, దొంగసొమ్మే కావాలి.

“తీర్మానానికి ముందు చెయ్యెత్తింది నువ్వే గదనే చంద్రయ్యా,” అన్నాడు లక్ష్మీనర్సయ్య. గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువ ఉంది. “నీ కేబుల్ పొయిందనే గద చేసినం.”

“ఎత్తిన. లేదంటలేను.” చంద్రయ్య కుర్చీలో కూర్చోలేదు. “కేబుల్ పోయిన కాడి నుంచి మా ఇంటిది బాయికాడికి ఒక్కతె పోలే. వాడు జైల్ల ఉన్నప్పుడు కూడ పోలే. తీర్మానం చేసినం, అయినా పోలే. ఇంకెంత శిక్ష ఎయ్యాలె ఆమె భయం పోవాల్నంటే? ఆఖరికి లిదియా మేడం వాన్ని తెచ్చి మా గడప ముందట నిలబెట్టింది, మాఫీ అడుగుమని. చూస్తే వాడు మా ఇంటిదాని కంటె ఎక్కువ వణుకుతున్నడు. వీడు నా ఎనక ఏడ తిరుగుతున్నడో అని సోంచాయించే కంటె ముందట కూసోబెట్టుకునుడు నయమనిపించింది. ఇప్పుడు మా ఇంటిదే వానికి చాయ్ తీస్కపోతది. ఒక్కతె.”

జేబు తడుముకొని, అయిదు వేలు రాసుకోండి అన్నాడు. వచ్చే ఏటివి కూడా ఇప్పుడే రాసుకోమన్నాడు, వచ్చే ఏడు కూడా వాడినే పిలుస్తాను కాబట్టి. పోతూ పోతూ, పాలిష్ పట్టాక తూకం తగ్గుతుందని, ప్రతి ఏడూ తగ్గుతుందని, ప్రతి ఏడూ అది ఎవడో ఒకడి మెడకు పడుతుందని లక్ష్మీనర్సయ్యకు గుర్తు చేశాడు. భూమేష్ నేల వైపు చూశాడు, కానీ భుజాలు కొంచెం దిగాయి.

లక్ష్మీనర్సయ్య ఫోన్ తెర ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. ఈ సంగతి మళ్లీ కూర్చున్నప్పుడు చూద్దామని, అందరికీ చాయ్ చెప్పమని అన్నాడు. ఆ తీర్మానాన్ని తర్వాత ఎవరూ రద్దు చేయలేదు. ఎవరూ గుర్తు కూడా చేయలేదు.

గంగవ్వ గోడ వదిలి తిరిగింది. గుమ్మంలో శ్రవణ్‌కుమార్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. వాడు కమిటీ వైపు చూడటం లేదు, చంద్రయ్య వైపు చూడటం లేదు. తల్లి చేతుల వైపు చూస్తున్నాడు.

కాళ్ల కింది నుంచి ఒక భయం పోయి, దాని జాగాలో ఇంకోటి వచ్చి కూర్చుంది.

*

ఇంటిదాకా వాడు పది అడుగులు ముందే నడిచాడు. ఇంటికొచ్చాక చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతుల మీద పోశాడు. నీళ్లు అయిపోయాక అన్నాడు.

“కమిటోళ్లు అనుకుంటె అనుకుంటరు. నువ్వు అడిగితే అయిపోతుండె గద.”

“ఏం చెప్తవో అని భయమైంది బిడ్డా.”

“నాక్కూడ చెప్పాలంటే భయమే అయింది. పటేల్ ఎవ్వలకు చెప్పద్దన్నడు. నీకు చెప్తే శైలజక్కకు చెప్తవు.”

అది నిజమే.

తర్వాత రెండు రోజులు వాడు మాట్లాడలేదు. కోపంగా లేడు. పెట్టింది తిన్నాడు, ట్రైనింగ్‌కు పోయివచ్చాడు. కానీ పొద్దున అయిదింటికి లేవలేదు. గురువారం లేవలేదు, శుక్రవారం లేవలేదు. గోడ వైపు తిరిగి, కళ్లు తెరుచుకొని పడుకున్నాడు. చంద్రయ్య మోపెడ్ ఒకసారి సందులోకి వచ్చి, హారన్ కొట్టి, కాసేపు ఆగి వెళ్లిపోయింది. తన అనుమానం తట్టెడు పసుపును తప్పు కుప్పలో పోసింది, అంతవరకే అనుకుంది గంగవ్వ. కానీ అది వాడు కూర్చున్న పీటను కూడా లాగేసినట్టుంది. వీడు ఇట్లాగే పడుకుంటే, పాత దోస్తులకు ఇల్లు తెలుసు. సందులో బండి చప్పుడైతే చాలు, ఆమె చాట పక్కన పెట్టి లేచి నిలబడుతోంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమే లిదియా మేడంకు ఫోన్ చేసింది. ఈసారి కట్ చేయలేదు. మేడం స్కూటీ మీద గంటలో వచ్చింది. గంగవ్వ అటక దగ్గర మొదలుపెట్టి, నీళ్ల చెంబు దాకా ఒక్కటీ వదలకుండా చెప్పింది. చెప్పి, ఫైలు వైపు చెయ్యి చూపించింది.

“దొంగతనం ఏమన్న జరిగిందా అని ఉంటది గద మేడం, గాడ నా పేరు రాయున్రి. నేనే ఒప్పుకున్న. పదిమంది సాచ్చం ఉన్నరు.”

లిదియా నవ్వలేదు గానీ ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, వాడు పోతున్న పని గురించి తనకూ చెప్పలేదని, తాను గ్రౌండ్‌లో ఉరుకుతున్నాడని పై ఆఫీసుకు రాసి పంపానని ఒప్పుకుంది. భయం పోయిందా అని అడిగింది.

“పోలే మేడం. జాగ మారింది.” గంగవ్వ దారం కొస పళ్లతో తెంపింది. “మొన్నటి దాక వాడేం చేస్తడో అని. ఇప్పుడు నేనేం చేసిన్నో అని.”

ఏం చేయాలో మేడం చెప్తుందని ఎదురుచూసింది. వాణ్ని ఏమీ అడగక్కర్లేదు అనలేదు, అడుగు అనలేదు. చాట ముందుకు లాక్కొని, చేతనైనట్టు ఒక బీడీ చుట్టి చూసింది. టేకేదారు చూస్తే కట్ట మొత్తం పారేసే బీడీ. అది పక్కన పెట్టి, తనకూ మొదట్లో సరిగా రాలేదని, ఇంకా సరిగా రావడం లేదని చెప్పి లేచింది. బీడీ గురించే అన్నదో కాదో గంగవ్వ అడగలేదు.

ఆ రోజు నుంచి కొడుకును ఇక ఏమీ అడగకూడదని మాత్రం గంగవ్వ గట్టిగా అనుకుంది. అడిగితే అనుమానం అనుకుంటాడు.

శనివారం పొద్దున చీకటి ఇంకా పూర్తిగా విడవకముందే వాడు లేచిన చప్పుడైంది. ఆమె కళ్లు మూసుకునే ఉంది. మొహం కడుక్కున్నాడు. చొక్కా దులిపి వేసుకున్నాడు. తలుపు గడియ తీశాడు. చల్లగాలి లోపలికి వచ్చింది. చెప్పుల చప్పుడు దూరమవుతుందని ఆమె చెవులు రిక్కించింది. దూరం కాలేదు. వాడు గుమ్మంలోనే నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఆమెకు దుప్పటి గుండెల మీదికి లాక్కోవాలనిపించింది, కానీ కదిలితే మెలకువగా ఉన్నట్టు తెలిసిపోతుంది.

“అడగవా?” అన్నాడు వాడు.

ఆమె కళ్లు తెరిచింది.

“ఏం అడగాలె?”

“ఎక్కడికి పోతున్నవని.”

“అడగొద్దని అనుకున్న బిడ్డా.”

“నువ్వు అడగకుంటెనే నాకు భయమైతున్నది,” అన్నాడు శ్రవణ్‌కుమార్.

గంగవ్వ లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంది. 

“ఎక్కడికి పోతున్నవురా?”

“చంద్రయ్య పటేల్ బాయిలర్ కాడికి,” అన్నాడు వాడు. ఆమెకు వినబడడానికి అంత గట్టిగా చెప్పనక్కర్లేదు. పక్కింట్లో శైలజ దగ్గు ఆగిపోయింది. “తొమ్మిదింటికి వస్త.”

చెప్పుల చప్పుడు సందు నడిమధ్య నుంచి వెళ్లింది, గోడ వారగా కాదు. ఆమె మొహం కడుక్కొని, దీపం వేసి, చాట ముందు పెట్టుకుంది. మొదటి బీడీ వదులైంది. విప్పి మళ్లీ చుట్టింది. ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంటే ఎదురుగా గోడ గడియారం కనబడుతుంది. అయిదున్నర కూడా కాలేదు. తొమ్మిదికి చాలా ఉంది. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత లేచి, చాప ఇటు తిప్పి, గడియారానికి వీపు పెట్టి కూర్చుంది.